ఎడారి ఎలుకల మీద నా నిఘా

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకం ఉండేదో మనుషుల మీద అంత అనుమానం ఉండేది. రెండూ ఒకే గుండెలో ఎలా ఇమిడాయా అని ఇప్పుడు ఆశ్చర్యపోతాను గాని, అప్పట్లో అవి ఒకదానికొకటి అడ్డు రాకపోగా హాయిగా కలిసి కాపురం చేసేవి. ఇరవై నాలుగేళ్ళ వయసు. దోహాలో మొదటి ఉద్యోగం. ముషైరిబ్‌లో ఒక కట్టడాల కంపెనీ ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. అంటే నా బల్ల మీదికి వచ్చిన ప్రతి డ్రాయింగునీ దొంగని చూసినట్టు చూడటం: సంతకం ఉందా, ముద్ర ఉందా, ఇది ఆరో రెవిజనా ఏడోదా, ఏడోదైతే ఆరోది ఎక్కడ దాక్కుంది? ఈ పని మొదలుపెట్టిన ఆర్నెల్లకి హోటల్లో మెనూ కార్డు ఇచ్చినా ముందు తిరగేసి వెనక తేదీ చూసేవాణ్ణి. ఇక భక్తి సంగతంటారా, అది ఉద్యోగం కంటే ముందునుంచీ ఉంది. అమలాపురంలో మా వీధిలో ఐదో ఏటినుంచి పారాయణాల్లో కూర్చున్నాను. శ్లోక పోటీల్లో నేను గెలుచుకొచ్చిన స్టీలు గ్లాసులతో మా అమ్మ ఒక అలమరా నింపింది. ఏ శ్లోకం ఏ అధ్యాయంలోదో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి (నిజంగానే ఒకసారి మా బావ నిద్రలో లేపి అడిగాడు, చెప్పాను, ఆయన మళ్ళీ అలాంటి ప్రయోగం చెయ్యలేదు).

అక్కా బావలతోనే ఉండేవాణ్ణి, అబూ హమూర్‌లో, నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చిన ఒక విల్లాలో. నా బట్టలు అక్క ఇస్త్రీ చేసేది, నా టిఫిను డబ్బా అక్క కట్టేది, నా కంచం అక్క తీసేది. నేను ధర్మాన్ని చూసుకునేవాణ్ణి. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఐదేళ్ళది, చిట్టి అని పిలిచేవాళ్ళం. చిట్టి ఇంట్లో ఉంటే ఇంకెవరికీ మాట్లాడే సందు దొరికేది కాదు. సాంబారులో ములక్కాడ ఎందుకు ఉంది, బల్లికి స్నానం ఎవరు చేయిస్తారు, మావయ్య కంటే దేవుడు పొడుగా, ఇలా ఒకటే వాన. గుమ్మం దాటిందా, అంతే. పెదవులు కుట్టేసినట్టు అయిపోయేది. బడిలో టీచరు, "ఏడాది అవుతోంది, మీ అమ్మాయి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు," అంది. దాహమేసినా అడగదు, బాత్రూముకి వెళ్ళాలన్నా అడగదు, పడి మోకాలు కొట్టుకున్నా శబ్దం లేకుండా ఏడుస్తుంది. డాక్టరమ్మ చూసి, బలవంతం చెయ్యొద్దు, చేతులతో చేసే పనుల్లో, తోటి పిల్లల్లో పెట్టండి, భయం దానంతట అదే వదులుతుంది అని చెప్పింది. నేను మాత్రం దాని చేత నలభై రోజులు సరస్వతీ స్తోత్రం చదివించాను. చక్కగా చదివింది, ఇంట్లో. గుమ్మం దాటాక మళ్ళీ మామూలే. (ఇందులో అమ్మవారి తప్పేం లేదు. డాక్టరమ్మ ద్వారా ఆవిడ చెప్పాల్సింది చెప్పింది. వినాల్సినవాణ్ణి నేనే వినలేదు.)

అలాంటప్పుడు అక్క ఎక్కడో విని చిట్టిని మెసైమీర్‌లో స్కౌట్ల లాంటి ఒక పిల్లల దళంలో చేర్పించింది. నాలుగేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం, ప్రతి శుక్రవారం పొద్దున రెండు గంటలు, ఒక నర్సరీ బడి వెనక ఇసక ఆవరణలో. దళం పేరు 'ఎడారి ఎలుకలు'. ఆ దేశంలో ఇసకలో రెండు కాళ్ళ మీద గెంతే చిన్న ఎలుక ఒకటుంది, దాని పేరు పెట్టుకున్నారట. మెడలో ఇసకరంగు రుమాలు.

"అక్కడ ఏం నేర్పుతారు?" అన్నాను.

"బూట్ల తాళ్ళు కట్టుకోవడం, మొక్క నాటడం, రొట్టె ఒత్తుకోవడం, దారి తప్పితే ఏం చెయ్యాలో, ఇలాంటివి."

"ఇవన్నీ ఇంట్లో నేర్పలేమా?"

"నీకు నేర్పామా?" అంది అక్క, నా కంచం తీసుకుపోతూ.

నాకు మొదటి అనుమానం శుక్రవారం దగ్గరే వచ్చింది. అబూ హమూర్‌లో మా పారాయణం కూడా శుక్రవారం పొద్దున్నే. వారంలో ఇంకా ఆరు రోజులుండగా సరిగ్గా మా పారాయణం వేళకే ఎందుకు పెట్టారు? (ఖతర్‌లో అందరికీ సెలవు శుక్రవారమే అన్న సంగతి, అక్కడ రెండేళ్ళుగా ఉంటున్న నాకు ఆ క్షణంలో తోచలేదు.) నా గదిలోకెళ్ళి ఒక నోటుబుక్కు తెరిచి, ఆఫీసు అలవాటు కొద్దీ, 'అనుమానం ఒకటి, రెవిజన్ సున్నా' అని రాసుకున్నాను.

తర్వాత అవి వరసగా పడ్డాయి. చిట్టి తన బూట్ల తాళ్ళు తానే కట్టుకోవడం మొదలుపెట్టింది. సాయం చెయ్యబోతే నా చెయ్యి తోసేసి, "నేనే," అంది. అంతవరకు దాని భాషలో ఆ మాట లేదు. అనుమానం రెండు. ఒకరోజు పూజ దగ్గర గంట అందుకోబోతే గంట రాలేదు, దాని పిడికి తాడుతో ఎవరో ఒక వింత ముడి వేసి పీటకి కట్టేశారు. అనుమానం మూడు. ఇంకో రోజు బాల్కనీలో ఒక డబ్బాలో మట్టి పోసి, అందులో ఏదో పాతిపెట్టి, దాని ముందు కూర్చుని గుసగుసలాడుతోంది. అనుమానం నాలుగు (అవి పెసలు అని నాలుగో రోజు మొలకలు వచ్చాక తెలిసింది, రెవిజన్ ఒకటి). ఇక ఐదోది అన్నిటికంటే పెద్దది. పడుకోబోయే ముందు దుప్పట్లో ఏదో పెదవులు కదుపుతోంది. మా ఇంటి శ్లోకం కాదు. నేను వెయ్యి నామాలు పెదవుల కదలిక చూసి పోల్చగలను. ఇది వేరే.

"ఏంటమ్మా అది?"

"సీక్రెట్."

"మావయ్యకి చెప్పకూడదా?"

"అమ్మకి కూడా చెప్పకూడదు. ప్రామిస్ రోజు దాకా."

ప్రామిస్ రోజు! అక్కని అడిగితే, చలికాలం చివర్లో ఒక శుక్రవారం కొత్త పిల్లలందరూ గుండ్రంగా నిలబడి ఒక మాట చెబుతారు, అప్పుడు మెడలో రుమాలు వేస్తారు అంది. ఏ మాట? ఏమో. ఎవరికి ఇస్తారు? ఏమోరా. పురాణాలు చదివినవాణ్ణి. ముందూ వెనకా చూడకుండా మాటిచ్చిన రాజులకి చివరికి ఏమయిందో నాకు తెలుసు. వాళ్ళంటే పెద్దవాళ్ళు. ఐదేళ్ళ పిల్ల చేత, ఎవరికో, ఏదో, రహస్యంగా, గుండ్రంగా నిలబెట్టి, మెడలో గుడ్డ వేసి మాట ఇప్పిస్తారా! ఇది దీక్ష కాక మరేమిటి?

పారాయణంలో మా పెద్ద దిక్కు మాస్టారు. ఆయన వృత్తికి ఇంజనీరే గాని అందరం మాస్టారనే అనేవాళ్ళం. ప్రసాదం పంచుతుండగా పక్కకి తీసుకెళ్ళి అంతా విన్నవించాను. ఆయన చక్రపొంగలి నములుతూ తాపీగా, "ఏ వ్రతానికైనా సంకల్పం ఉంటుంది కదయ్యా. ఎవరిని ఉద్దేశించి, ఏం చేస్తానంటున్నామో తెలియాలి. ఆ మాట ఏమిటో అడిగి కనుక్కో," అన్నారు.

అడగమన్నారు. అంతే ఆయన అన్నది. నేను మాత్రం నన్నొక కార్యం మీద పంపుతున్నారనుకున్నాను.

అదృష్టమో దురదృష్టమో ఆ వారమే తల్లిదండ్రుల వాట్సాప్ గుంపులో ఒక సందేశం వచ్చింది. దళంలో సాయంగా ఉండే ఒకావిడ స్వదేశం వెళ్ళిపోయింది, ఇంకో పెద్ద మనిషి దొరక్కపోతే దళం ఆపేయాల్సి వస్తుంది, ఎవరైనా ముందుకు రాగలరా అని. నేను వచ్చాను. బావ పేపరు దించి నా వంక చూసి, "నువ్వా? పిల్లలకా? సాయమా?" అని మూడు ప్రశ్నలు విడివిడిగా వేశాడు.

వాళ్ళని పరీక్షించడానికి నేను బయలుదేరితే, ముందు వాళ్ళే నన్ను పరీక్షించారు. నాలుగు పేజీల ఫారం. పోలీసు క్లియరెన్సు తెమ్మన్నారు. నా నడవడి గురించి ఇద్దరు చెప్పాలన్నారు. ఒకరు మాస్టారు, రెండోవారు మా ఆఫీసు మేనేజరు (ఆయన 'ఇతను ఎవరినీ నమ్మడు, కాబట్టి నమ్మదగినవాడు' అని రాశాడు). పిల్లల దగ్గర ఏ పెద్ద మనిషీ ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, అందరికీ కనిపించే చోటే ఉండాలి అన్న నియమాల కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇంత జాగ్రత్త ఎందుకు? దాచడానికి ఏముంది? నోటుబుక్కులో ఆరో అనుమానంగా రాశాను. దాచకుండా ఉండడానికే ఆ నియమం అని తెలుసుకోవడానికి నాకు ఇంకా టైం పట్టింది.

దళాన్ని నడిపేది ఒక శ్రీలంక టీచరు. మెడలో ఎప్పుడూ ఒక వెండి ఈల వేలాడేది కాబట్టి నా నోటుబుక్కులో ఆవిడ పేరు ఈల మేడమ్. ఆ ఈల ఆవిడ ఎన్నడూ ఊదేది కాదు. చెయ్యి పైకెత్తితే చాలు, పదకొండు మంది పిల్లలూ చప్పున ఆగిపోయేవాళ్ళు. ఊదని ఈల మెడలో ఎందుకు? (ఏడో అనుమానం. పిల్ల ఎవరైనా తప్పిపోతే మాత్రమే ఊదుతారట, అందుకే ఇన్నేళ్ళలో ఊదే అవసరం రాలేదట.) రెండో మనిషి బస్సన్న. నలభై దాటిన జగిత్యాలాయన, వారమంతా అదే నర్సరీ బస్సు నడిపి, సెలవు రోజున కూడా వచ్చి ఇసక చదును చేసి, చాపలు పరిచి, పిల్లలకి ముళ్ళు వెయ్యడం నేర్పేవాడు. నన్ను చూడగానే, "అమ్మయ్య, తెలుగాయన దొరికిండు. రా తమ్మీ, యల్లా, గా నీళ్ళ డ్రమ్ము జెర ఇటు జరుపుదాం," అన్నాడు. వచ్చీ రాగానే నా చేత డ్రమ్ము మోయించిన మనిషిని ఎలా నమ్మను?

మొదటి రోజు ఒక బుడతడు జిప్పు పెట్టుకోలేక అవస్థ పడుతుంటే నేను వంగి పెట్టబోయాను. ఈల మేడమ్, "వద్దు, పక్కన నిలబడండి చాలు," అంది. నిలబడ్డాను. వాడు నాలుక బయటపెట్టి, కళ్ళు చికిలించి, పది నిమిషాలు పోరాడాడు. జిప్పు పైకెళ్ళింది. వాడు నా వైపు తిరిగి, ఎవరెస్టు ఎక్కి దిగినవాడిలా చూశాడు. తర్వాత రొట్టెలు. పిల్లలు పిండి కలిపి, ఒత్తి, పెనం దగ్గరికి మాత్రం వెళ్ళకుండా మేడమ్‌కి అందించారు. నాకూ ఒక ముద్ద ఇచ్చారు. నా రొట్టె మ్యాప్‌లో ఖతర్‌లా వచ్చింది, బొటనవేలిలా సాగి. చివర్లో అందరూ తమ తమ పళ్ళేలు తొట్టిలో కడుక్కుంటున్నారు. నేను అలవాటుగా నా పళ్ళెం అక్కడ పెట్టి లేచాను. ఒక ఫిలిప్పీన్ పిల్ల, నాలుగున్నరేళ్ళు ఉంటాయేమో, నడుం మీద చేతులు పెట్టుకుని నా పళ్ళాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. కడిగాను. సబ్బు సరిగ్గా పోలేదని అది మళ్ళీ కడిగించింది. ఆ రోజు నోటుబుక్కులో ఏం రాయాలో తోచలేదు.

చిట్టి మాత్రం ఆ ఆవరణలోనూ మాట్లాడేది కాదు. కాని చేతులు ఆగేవి కావు. పక్క పిల్లకి తాడు అందించేది, కింద పడ్డవాడికి చెయ్యిచ్చి లేపేది. అక్క ఇంటి దగ్గర వంద ప్రశ్నలు వేసేది. "నవ్వుతోందా? అందరితో కలిసి తిందా? బాత్రూముకి వెళ్ళాలని సైగ చేసిందా? నిజంగా?" చేసింది అన్నప్పుడు అక్క వంటింట్లోకి వెళ్ళి కాసేపు రాలేదు. దాని ఐదేళ్ళలో ఇంటి బయట అడిగి బాత్రూముకి వెళ్ళడం అదే మొదటిసారి.

అయినా నా నిఘా నాదే. నాలుగో శుక్రవారం అనుకుంటా, గేటు దగ్గర చాప మీద బస్సన్న, చిట్టి ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మేడమ్ పక్కనే కాగితాలు సర్దుకుంటోంది. బస్సన్న చేతిలో తాడు, దానికి వరసగా ముళ్ళు. ఒక్కో ముడి మీద వేలు పెట్టి ఏదో మెల్లగా అంటున్నాడు. చిట్టి పెదవులు కదులుతున్నాయి. సరిగ్గా దుప్పట్లో కదిలినట్టే! జపమాలలా తాడు, ముడికో మాట. నేను మెల్లగా నీళ్ళ డ్రమ్ము వెనక్కి చేరి, వంగి, చెవి పెట్టాను. వినపడిందల్లా చివరి ముక్కే: "ఎవ్వలకు చెప్పద్దు బిడ్డా. మీ మామకు అసలుకే చెప్పద్దు."

ఇంకాస్త ముందుకి వంగాను. అంతలో డ్రమ్ము మూత జారి నా నెత్తిన పడింది.

"ఏంది తమ్మీ, డ్రమ్ము ఎన్క ఏం జేస్తున్నవ్?"

"నీడ కోసం," అన్నాను.

"నీడ గటు దిక్కున్నది."

ఇక దాపరికం అనవసరమనిపించి, "ఏం నేర్పుతున్నావన్నా దానికి?" అని నిలదీశాను.

"మాట ఇచ్చిన. చెప్ప."

"ఎవరికి ఇచ్చావు?"

"గా పోరికే," అన్నాడు చిట్టిని చూపిస్తూ. చిట్టి వేలు పెదవుల మీద పెట్టుకుని నన్ను చూసింది. "మా అమ్మ ఫోన్ల అడుగుతది, దుబాయ్ల ఏం పని కొడుకా అని. పోరగాండ్లకు ముళ్ళేసుడు నేర్పుతున్ననమ్మా అంటే, గందుకు దుబాయ్ దాక పోవాల్నా అంటది. ఆమెకు దుబాయ్‌కు ఖతర్‌కు తేడా చెప్పలేక సచ్చిన, ఇప్పుడు నీకేం చెప్పాలె?" అని నవ్వి లేచిపోయాడు. మాట తప్పించాడు. గట్టి సాక్ష్యం.

ప్రామిస్ రోజుకి ముందటి సాయంత్రం నోటుబుక్కు అక్క ముందు పెట్టాను. పదకొండు అనుమానాలు, ఇరవై ఆరు రెవిజన్లు. అక్క మొదటి పేజీ నవ్వుతూ చదివింది, చివరి పేజీ నవ్వకుండా చదివింది. బస్సన్న మాట దగ్గర ఆగిపోయింది.

"నాకు అక్కడ చేర్చాక దాని మొహంలో వెలుగు కనిపిస్తోందిరా. కాని నేను తల్లిని, నా కళ్ళు నాకు కావలసిందే చూస్తాయేమో. నువ్వు లోపలుండి చూస్తున్నావు. రేపు దగ్గరుండి చూడు. తప్పు అని నీకు గట్టిగా అనిపిస్తే చెప్పు, ఆ వారంతో మానిపించేస్తాను. నువ్వంటే నాకు నమ్మకం," అంది.

ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయాను. ఒక పిల్ల భవిష్యత్తు నా చేతిలో ఉందన్న సంగతి నాకు బరువుగా కాక గొప్పగా అనిపించిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పొద్దున్నే ఎండ ఇంకా మెత్తగా ఉంది. తల్లిదండ్రులు చాపల మీద కూర్చున్నారు. మధ్యలో రాళ్ళు గుండ్రంగా పేర్చి, నిప్పు బదులు టార్చి లైట్లకి నారింజరంగు కాగితాలు చుట్టి పెట్టారు. పిల్లలందరూ ఒక పొడుగాటి తాడు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఒక్కొక్కళ్ళూ ముందుకొచ్చి, తాడు మీద చెయ్యి ఉంచి, ఆ మాట చెబుతున్నారు, ఎవరికొచ్చిన భాషలో వాళ్ళు. అరబ్బీలో ఒకడు, మలయాళంలో ఒకతె, ఫిలిప్పీన్ పిల్ల దాని భాషలో, నా వైపే చూస్తూ. నాకేమీ అర్థం కావడం లేదు. అర్థం కాని కొద్దీ అనుమానం పొంగుతోంది. చివరికి చిట్టి వంతు. అది ముందుకొచ్చింది. ఈల మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుంది. ఎదురుగా బస్సన్న నిలబడి తాడు ముడి మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు. చిట్టి ఊపిరి పీల్చుకుంది. పెదవులు విడివడ్డాయి.

నేను లేచి నిలబడ్డాను. "ఒక్క నిమిషం! ఈ మాట ఎవరికి ఇస్తున్నారు?"

నా గొంతు పారాయణాల్లో సానబట్టిన గొంతు. ఆవరణంతా మారుమోగింది. గోడ మీద పావురాలు లేచిపోయాయి. చిట్టి పెదవులు మూసుకున్నాయి. తాడు వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

బస్సన్న నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "ఆగం జేస్తివి గద తమ్మీ," అన్నాడు. "రెండు నెలల సంది నేర్సుకుంటున్నది. అమ్మకు ఇనిపియ్యాలె, అందరి ముందల గట్టిగ చెప్పాలె అని సైగలతోనే పట్టుబట్టింది. ఇంగ్లీషుల రాదంటే తెలుగుల చెప్పుమన్నది మేడమ్. నీకు తెలిస్తే ఇంట్ల చెప్పేస్తవని దాచినం. గంతే. ఇంకేం లేదు."

అక్క నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. నోరు తెరిచి మాట్లాడబోయిన పిల్ల నోరు మూయించినవాణ్ణి, ఆ మాటల కోసం నలభై రోజులు దేవుణ్ణి అడిగినవాణ్ణి కూడా నేనే. అడిగింది ఇస్తుంటే మధ్యలో నిలబడి ఆధార పత్రాలు చూపించమన్నాను. ఆ ఇసకలో ఎడారి ఎలుక కలుగు ఒకటి కనిపిస్తే దూరిపోయేవాణ్ణి.

ఈల మేడమ్ తాపీగా లేచింది. "మంచి ప్రశ్న," అంది. వెటకారం కాదు, నిజంగానే అంది. "ఎవరి దేవుడికి వాళ్ళు ఇస్తారు. దేవుడి పేరు చెప్పలేనివాళ్ళు పక్కనున్నవాళ్ళకి ఇస్తారు. మీరు ఆరు వారాలుగా ఇక్కడ పనిచేస్తున్నారు, మీరింకా ఇవ్వలేదు. పెద్దవాళ్ళు కూడా ఇవ్వాలి. రండి, ముందు మీరు."

వెళ్ళాను. తాడు పట్టుకున్నాను. బస్సన్న తన తెలుగులో ఒకసారి చెప్పి వినిపించాడు, నాలుగే నాలుగు ముక్కలు: "నేను మంచిగ ఉంట. నా పని నేనే చేస్కుంట. నాకంటె చిన్నోళ్ళను చూస్కుంట. చెట్టును పిట్టను ఆగం చెయ్య." ఇంతేనా! దీని కోసమా ఇరవై ఆరు రెవిజన్లు! వెయ్యి నామాలు పుస్తకం చూడకుండా చెప్పేవాడికి ఇదొక లెక్కా? గొంతు సవరించుకున్నాను. అలవాటుగా మొదట దేశకాలాలు చెప్పి, ఖతర్ ఏ ద్వీపంలోకి వస్తుందో తేలక కాసేపు తటపటాయించి, అసలు మాటకి వచ్చాను. "నేను మంచిగ ఉంట..." అన్నాను. బాగానే ఉంది. "నా పని నేనే..."

ఎదురుగా అక్క. నేను వేసుకున్న చొక్కా ఆ పొద్దున అక్క ఇస్త్రీ చేసిందే. నా మధ్యాహ్నం డబ్బా ఆవిడ సంచీలోనే ఉంది. తర్వాతి ముక్క నాలుక మీదికి రాలేదు. "నా పని నేనే..." మళ్ళీ అన్నాను. రాలేదు. దేవుడి సాక్షిగా చెప్పాల్సి వచ్చేసరికి అబద్ధం చెప్పడానికి నా నోరే ఒప్పుకోలేదనుకుంటా.

ఇక్కడ మా పారాయణాల పద్ధతి ఒకటి చెప్పాలి. మా వాళ్ళలో ఎవరైనా ఒక పాదం మధ్యలో తడబడితే, పక్కవాళ్ళు ఆ ఖాళీని ఖాళీగా ఉండనివ్వరు. తప్పు పట్టరు, ఆగి చూడరు, తర్వాతి మాట అందుకుంటారు. దేవుడి మాట కింద పడకూడదని. చిట్టి రెండేళ్ళుగా ఆ చాపల మీదే, నా ఒళ్ళో కూర్చుని, పెదవి విప్పకుండా అన్నీ విన్నదే. తడబడ్డ మాట గాల్లో అలా వేలాడుతుంటే దానికి ఊరుకోవడం తెలియదు.

"చేస్కుంట!"

ఎవరన్నారో ముందు ఎవరికీ తెలియలేదు. సన్నగా, కీచుగా ఉన్న గొంతు. మొహం మీది చేతులు ఇంకా పూర్తిగా తియ్యనే లేదు, వేళ్ళ సందుల్లోంచి నన్ను చూస్తోంది, నా మీద చిరాగ్గా.

"నా పని నేనే చేస్కుంట మావయ్యా! తర్వాత, నాకంటె చిన్నోళ్ళను చూస్కుంట. తర్వాత, చెట్టును పిట్టను ఆగం చెయ్య. ఇంతే! నువ్వు మళ్ళీ చెప్పు."

నేను మళ్ళీ చెప్పాను. అది పక్కన నిలబడి ఒక్కో ముక్కా అందించింది. చివరికి ఇద్దరం కలిసి చెప్పేశాం, అది నాకంటే గట్టిగా. చాపల మీద అందరూ చప్పట్లు కొట్టారు. బస్సన్న రెండు చేతులూ జోడించి ఆకాశం వైపు చూశాడు. అక్క ఏడుస్తూ నవ్వుతూ, "ఇదేంట్రా, నా కూతురు జగిత్యాల వెళ్ళొచ్చినట్టు మాట్లాడుతోంది!" అంది. "మంచిగనే మాట్లాడుతున్నది గదమ్మా," అన్నాడు బస్సన్న. మేడమ్ రుమాళ్ళు రెండు తెచ్చి ఒకటి చిట్టి మెడలో వేసి, రెండోది చిట్టి చేతికిచ్చింది. చిట్టి నన్ను వంగమంది. వంగాను. ముడి అదే వేసింది. సాయం చెయ్యబోతే, "నేనే," అంది.

ఒక్కరోజులో అన్నీ మారిపోలేదు. ఆదివారం బడి తెరిచాక మళ్ళీ మౌనమే. నెలకో మాట, వారానికో మాటగా, తలుపు ఒక్కో అంగుళం తెరుచుకున్నట్టు తెరుచుకుంది. చలికాలం పోయి ఎండలు ముదిరాక ఒకరోజు టీచరు ఫోన్ చేసి, మీ అమ్మాయి ఇవాళ నీళ్ళడిగింది అని చెప్పింది. అక్క నాకు ఆఫీసుకి ఫోన్ చేసి ఆ ఒక్క వాక్యమే మూడుసార్లు చెప్పింది. మాస్టారు ఈ కథంతా విని, ప్రసాదం చేతిలో పెడుతూ, "అడగమన్నాను గాని డ్రమ్ము వెనక దూరమన్నానటయ్యా? అడిగితే ఆవిడ ఆ రోజే చెప్పేది కదా," అన్నారు. అవును. ఆరు వారాలు దళంలో ఉండి నేను చెయ్యనిది అదొక్కటే.

చిట్టికి ఇప్పుడు పన్నెండు. పెద్ద పిల్లల దళంలో ఉంది, వక్తృత్వ పోటీల్లో మైకు వదలదు, వాళ్ళ స్నేహితుల ముందు నేను మావయ్యనని చెప్పుకోవడానికి మొహమాటపడుతుంది. మా పారాయణం శనివారానికి మారింది. నేను శుక్రవారాలు ఇంకా మెసైమీర్‌లోనే ఉంటున్నాను, జిప్పుల పక్కన చేతులు కట్టుకుని నిలబడుతూ. ఏటా ప్రామిస్ రోజున పెద్దవాళ్ళం కూడా ఆ మాట మళ్ళీ చెబుతాం. ఇప్పుడు నా చొక్కా నేనే ఇస్త్రీ చేసుకుంటున్నాను (కాలర్ దగ్గర కొంచెం కాలుతుంది), కాబట్టి ఆ మాట చెప్పే అర్హత కొంతైనా వచ్చినట్టే. అయినా "నా పని నేనే" అన్నాక ప్రతి ఏడూ ఆగిపోతాను. మరిచిపోయి ఆగుతున్నానో, కావాలనే ఆగుతున్నానో నాకే సరిగ్గా తెలియదు. తాడు పట్టుకుని, కళ్ళు దించుకుని, చెవులు రిక్కించి ఎదురుచూస్తాను. ఆ ఇసక వలయంలోంచి, అంతవరకు పెదవి విప్పని ఏదో ఒక చిన్న గొంతు, ఈ పెద్దాయనకి ఇది కూడా రాదా అన్న చిరాకుతో, నా ఖాళీని అందుకునేదాకా.